జనవరి 1న గుర్తురాని బిషప్

సంపాదకులకు నమస్కారం.

జనవరి 1న కర్నూలులో కేకులు, ఫ్లెక్సీలు, అర్ధరాత్రి ఆరాధనలు ఘనంగానే జరిగాయి. 1945లో అదే రోజున కన్నుమూసిన బిషప్ వి.ఎస్. అజరయ్య పేరు మాత్రం నేను వెళ్లిన చర్చిలో వినబడలేదు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడాయన. తెలుగు నేలకు వచ్చి, మన భాష నేర్చుకుని, 1912లో దోర్నకల్ (ఇప్పటి తెలంగాణలోని ఊరు) బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, తొలి భారతీయ బిషప్ ఆయనే. నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలు కూడా ఒకప్పుడు దోర్నకల్ అధ్యక్ష మండలం (బిషప్ పరిధి) కిందివే.

బిషప్ కావడానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల సభలో తెల్లదొరల ముఖం మీదే అడిగారు: మీరు త్యాగాలు చేశారు, సరే, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! దోర్నకల్‌లో ఆయన కట్టించిన చర్చి గుడి చూడండి, హిందూ, ముస్లిం కట్టడాల తీరు రెండూ అందులో కలిసి ఉంటాయి.

మా అవ్వ చిన్నప్పటి పల్లె గుడికి గంట లేదట. వేపచెట్టుకు కట్టిన రైలుపట్టా ముక్కను రాయితో కొడితే, కూలికి పోయొచ్చిన జనం కాళ్లు కడుక్కుని వచ్చి లాంతరు చుట్టూ కూర్చునేవాళ్లట. ఇప్పుడు పాస్టర్ అయ్యగారు కారు దిగకముందే శాలువా సిద్ధం. (మా సంఘమూ అంతే, ఒకరిని అని లాభం లేదు.)

అజరయ్య గారి గురించి మీ ఆదివారం అనుబంధంలో ఒక పేజీ వేయండి. పాత సంఘాల పెద్దలు ఇంకా కొందరున్నారు, వాళ్లను అడిగి రాయించండి.

– ఒక పాఠకుడు, కర్నూలు