తొమ్మిదో ప్రశ్న అడిగిన మేడమ్‌కి, ఇంకొందరికి థ్యాంక్స్

ఈ పోస్టు ముందుగా మా కౌన్సెలర్ మేడమ్ కోసం. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. కోలారు వైపు మనిషి. చదివింది కన్నడంలోనే అయినా తెలుగు మాత్రం మా మదనపల్లె వాళ్ళలాగే మాట్లాడతారు. బెంగళూరులో ఆఫీసుకి ఇంగ్లీషు, ఆటోకి వచ్చీరాని కన్నడ సరిపోయాయి గానీ, చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనల్లాంటివి చెప్పుకోవడానికి నాకు తెలుగే కావాల్సి వచ్చింది.

నేను వెళ్ళింది నిద్ర పట్టడం లేదని. ఆఫీసు టెన్షన్, తప్పిపోయిన సంబంధం... ఆ కథంతా ఇక్కడ వద్దు. ముందు ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. పీహెచ్‌క్యూ-9 అంటారట, డిప్రెషన్ ఉందేమో చూడటానికి తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి ఎలా ఉంది అని మొదలై, నిద్ర, ఆకలి లాంటివన్నీ అడిగి, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచనలు వచ్చాయా అన్న దగ్గర ఆగుతుంది. "కొన్ని రోజులు" అన్నచోట టిక్కు పెట్టాను. ఇక నాన్నకు ఫోన్ వెళ్తుంది, నన్ను ఎక్కడో చేర్పిస్తారు అనుకుంటూ కూర్చున్నాను.

మేడమ్ ఉలిక్కిపడలేదు. "ఇక్కడికొచ్చే అందర్నీ ఇది అడుగుతానమ్మా, చాలామంది అవుననే అంటారు" అన్నారు. తర్వాత నాన్చకుండా ఒక్కొక్కటే అడిగారు. ఎన్నాళ్ళకోసారి వస్తాయి, వస్తే ఎంతసేపుంటాయి, ఎలా చేసుకోవాలి అన్నదాకా వెళ్ళిందా, ఇదివరకు ఎప్పుడైనా ప్రయత్నించావా, ఏది నిన్ను ఆపుతోంది. ప్రాణానికి ముప్పు అనిపిస్తేనే ఇంట్లోవాళ్ళకి చెబుతానని, అదీ ముందు నాతో అన్నాకేనని మాటిచ్చారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ళ భయం. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. నాకైతే ఆ రోజు బరువు దిగింది.

ఆమె మాట తర్వాత నేనూ కాస్త చదివాను. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో 17 దేశాల్లో దాదాపు 85 వేల మంది పెద్దవాళ్ళని అడిగితే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్య ఆలోచన వచ్చిందన్నవాళ్ళు నూటికి 9 మంది. ప్రయత్నం దాకా వెళ్ళినవాళ్ళు 3 కంటే తక్కువే. ఇది మామూలు జనం లెక్క. బాధ భరించలేక కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ళలో ఇంకా ఎక్కువ ఉండటంలో వింతేముంది? వెయిటింగ్ హాల్లో నా పక్కన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాళ్ళ వైపు ఆ తర్వాత వేరేగా చూశాను. అయితే, చాలామందికి వస్తాయి కదా అని మేడమ్ తేలిగ్గా వదిలేయలేదు. వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ అడుగుతారు.

ఇద్దరం కూర్చుని తెలుగులో ఒక సేఫ్టీ ప్లాన్ రాశాం. ఆలోచనలు మొదలవబోతున్నాయని నాకెలా తెలుస్తుంది (అన్నం మానేయడం, అమ్మ ఫోన్ ఎత్తకపోవడం), అప్పుడు ఒక్కదాన్నే ఏం చేయగలను, ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఎవరికి నిజం చెప్పాలి, ఏ డాక్టరుకి ఫోన్ చేయాలి, గదిలో ఏవి ఉండకూడదు.

ఆ కాగితంలో పేరుందని చెప్పగానే "సరే, రాత్రి రెండింటికైనా లేపు" అన్న నా రూమ్మేట్‌కి థ్యాంక్స్. యలహంక నుంచి ఉగ్గాని, బజ్జీ డబ్బాలో పెట్టుకుని వచ్చి, ఒక్క ప్రశ్నా అడగకుండా నా బట్టలు మడతపెట్టి వెళ్ళిన పిన్నికి కూడా.

పోలీసు కేసవుతుందని భయపడి నోరు విప్పనివాళ్ళకి ఒక మాట. ఆలోచన రావడం ఎప్పుడూ నేరం కాదు. ప్రయత్నించినవాళ్ళు కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే 2017 మానసిక ఆరోగ్య చట్టం భావించమంటుంది, వాళ్ళకి వైద్యం, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదని చెబుతుంది. కౌన్సెలర్ దాకా వెళ్ళలేకపోతే టెలి మానస్ 14416కి చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఇది, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రమాదం ఇప్పుడే అనిపిస్తే ఒంటరిగా ఉండకండి, 112కి చేయండి.

అమ్మకి అంతా చెప్పాను. ఈ పోస్టు ఆమె చదివి, పిన్ని ముచ్చట కూడా రాయమన్నాకే పెడుతున్నాను.