బిల్లులో కొత్త ప్లేటు, చాసిస్ మీద లప్పం: మా జిప్సీ పని గురించి ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారమండి. రాజోలు నుంచి రాస్తున్నాను. మాది తెల్ల మారుతి జిప్సీ కింగ్ జీపు, వేసవిలో మీ రాజమండ్రి వర్క్‌షాప్‌లో తుప్పు పని, వెల్డింగ్ పని చేయించుకున్న బండి. ఫోన్ చేస్తే "చూస్తామండి, చెప్తామండి" తప్ప ఇంకో మాట రావట్లేదు, అందుకే రాసి పెడుతున్నాను, దీన్ని ఫిర్యాదు కిందే తీసుకోండి.

మీ బిల్లులో "చాసిస్ ఎడమ వైపు తుప్పు కోసి కొత్త ప్లేటు వెల్డింగ్" అని ఉంది. కొయ్యలేదండి. తుప్పు ఎక్కడున్నది అక్కడే ఉంది, దాని మీదే ప్లేటు పెట్టి అక్కడక్కడా టాకాలు వేసి, సందుల్లో లప్పం కూరి, పైన నల్ల అండర్‌కోటింగ్ మందంగా కొట్టి ఇచ్చేసేరు.

ఎలా బయటపడిందంటే, వానలు మొదలయ్యాక అడుగున బురద పోతుందని వాటర్ సర్వీసింగ్‌కి తీసుకెళ్తే ఆ ప్రెజర్‌కి వెనక కమాను కట్ట, అంటే స్ప్రింగు పట్టీలు, పట్టుకునే బ్రాకెట్ పైన కోటింగు అరచెయ్యంత పెచ్చు ఊడి పడింది. కింద బూడిదరంగు లప్పం. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. స్క్రూడ్రైవర్‌తో గీరేసరికి లప్పం పొడిపొడిగా రాలి ప్లేటు అంచు నుంచి ఎర్రటి నీళ్లు కారేయి, అంటే లోపల నీళ్లు నిలవుండిపోయేయన్నమాట. పక్కన చిన్న సుత్తితో కొడితే ఖంగుమనాల్సిన ఇనుము డొప్పుడొప్పుమంటోంది. వెల్డింగేమో బఠాణీ గింజలు వరసగా అంటించినట్టు పైపైనే ఉంది, రెండు గింజల్ని స్క్రూడ్రైవర్‌తో ఎగదీస్తే ఊడొచ్చేసేయి. మా ఊళ్లో గేట్లు, గ్రిల్స్ చేసే అబ్బాయి చూసి "ఇనుములోకి దిగలేదండి ఇది, తుప్పు మీద కొట్టేరు" అన్నాడు.

ఇంకోటండి. బండి మీకు పనికి అప్పజెప్పిన రోజు మీ సూపర్‌వైజర్ గారే కిందకి దూరి, సుత్తితో కొట్టి చూసి, తెల్ల మార్కర్‌తో గీత గీసి "ఇక్కడి దాకా కోసేయాలి" అని నాకు చూపించేరు. పెచ్చు ఊడిన చోట ఆ తెల్ల గీత ఇప్పటికీ ఉంది. కోసేసిన ఇనుము మీద గీత ఎలా ఉంటుందండి? ఫొటో పంపుతున్నాను, మీరే చూడండి.

డోర్ కింద తుప్పుకి లప్పం పెట్టేరంటే నేను ఇంత రాయను. ఇది చాసిస్. జిప్సీకి బాడీ వేరు, నిచ్చెన చాసిస్ వేరు, ఇంజను, కమాన్లు, స్టీరింగ్ బాక్స్ అన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి. అది లోపల బోలుగా ఉండే పెట్టె ఇనుము, నీళ్లు దూరితే తుప్పు లోపలి నుంచే తినేస్తుంది. తుప్పు మీద వెల్డింగ్ కొడితే ఆ తుప్పులో ఉన్న తేమ గ్యాసై బుడగలొచ్చి వెల్డింగంతా పిన్‌హోల్స్, అంటే సూది బెజ్జాలు, పడతాయి, పట్టు ఉండదు. పైన ప్లేటు కప్పేస్తే రెండు ఇనుముల మధ్య తడి ఆరదు, ముందుకంటే జోరుగా పడుతుంది తుప్పు. ఇవన్నీ మీకు తెలీనివి కావు, రోజూ చేసే పనే, అందుకే ఇంత బాధ.

మాది ఉప్పుగాలి ప్రాంతం. అంతర్వేది వైపు రొయ్యల చెరువుల గట్లమ్మటే ఈ బండి తిరిగేది, ఉప్పునీటి బురద అడుగున పడుతూనే ఉంటుంది, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం వెళ్తాము, మనుషులు ఎక్కుతారు, మేత బస్తాలు ఎక్కుతాయి. ఆ బరువుతో గట్టు మీద ఉండగా కమాను బ్రాకెట్ దగ్గర చాసిస్ విరిగితే బండి చెరువులోకే. ఇది మా నాన్నగారు కొన్న బండి, నాకు ప్రాణం, అయినా మనుషుల ప్రాణం కంటే కాదు కదండీ. పెచ్చు ఊడిన రోజు నుంచి షెడ్డులోనే పెట్టేసేను.

మిగతావి కూడా చెప్తాను. బ్రేక్ పైపు మీద వెల్డింగ్ రవ్వలు పడి గట్టిపడి ఉన్నాయి, అక్కడ పైపు మార్చాలి. పెట్రోల్ ట్యాంకు దించకుండానే పక్కన వెల్డింగ్ చేసినట్టు ట్యాంకు మీద కాలిన మచ్చలున్నాయి, మీ కుర్రాళ్లకే ఎంత ప్రమాదమో ఆలోచించండి. చాసిస్ నంబర్ గుద్దిన చోట కూడా కోటింగ్ కొట్టేసేరు, 15 ఏళ్లు దాటిన బండి, అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్తే ఆ నంబర్ కనపడాలి. ఫ్లోర్ ప్యాచీలు మాత్రం బాగా చేసేరు, ఆ పని చేసిన ఆయన ఎవరో గానీ వెల్డింగ్ శుభ్రంగా ఉంది. ఆయన చేతే చాసిస్ కూడా చేయించి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

నాకు కావాల్సింది ఇదీ. ఆ ప్లేట్లు పీకేసి, మెరిసే మంచి ఇనుము తగిలేదాకా కోసి, చాసిస్ ఎంత మందమో అంత మందం ప్లేటు, అంచులు నిలువుగా కాకుండా ఏటవాలుగా కోసి, చుట్టూ పూర్తిగా వెల్డింగ్ చెయ్యాలి. నీళ్లు పోయే కంతలు మూసెయ్యకూడదు. ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, చాసిస్ లోపలికి వ్యాక్స్ కొట్టాలి. కోటింగ్ వెయ్యకముందు నన్ను పిలవాలి, నేనొచ్చి చూస్తాను. బండి నడిపి తీసుకురాను, మీరే లారీ పంపించి ఎక్కించుకెళ్లాలి. ఇదంతా కుదరదంటే చాసిస్ పనికి తీసుకున్న 38,000 రూపాయలు, బ్రేక్ పైపు ఖర్చు వెనక్కి ఇచ్చెయ్యండి, వేరే చోట చేయించుకుంటాను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో సేవాలోపం కేసు వేస్తాను. బిల్లు కాపీ, ఫొటోలు, సుత్తితో కొట్టినప్పటి వీడియో జత చేసేను. ఊడిన పెచ్చు, ఆ వెల్డింగ్ గింజలు నా దగ్గరే ఉంచేను, ఎవరైనా వస్తే చూపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్, రాజోలు