41వ గంటలో నా పక్కన ఉన్నవారికి

పేర్లు రాయను. నా పేరు ఎలాగూ రాయను, వారి పేర్లు రాస్తే నా చిరునామా చెప్పినట్టే. చదివితే వారికి తెలిసిపోతుంది.

నిన్న మూడో నెల హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం చేతికి వచ్చింది. నెగెటివ్. ఆరో నెలది మిగిలి ఉంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాక ముందుగా గుర్తుకు వచ్చింది మా వదిన.

మూడు నెలల కిందట ఒక ఆదివారం రాత్రి నా మీద జరిగినదాన్ని సోమవారమంతా ఎవరికీ చెప్పలేదు. మూడుసార్లు తలస్నానం చేశాను. మంగళవారం పొద్దున వదిన నా ముఖం చూసి పొయ్యి కట్టేశారు. ఎవడు, ఎక్కడ, ఎందుకు వెళ్లావు అని ఒక్క ప్రశ్న వేయలేదు. "పద, ముందు ఆసుపత్రికి" అన్నారు. మొదట వెళ్లిన నర్సింగ్ హోమ్‌లో పోలీసు కాగితం తెస్తేనే చూస్తామన్నారు. అత్యాచారానికి గురైనవారికి ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే, ఉచితంగా చికిత్స చేయాలని చట్టంలోనే ఉందట. ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే వదిన వారిని అంత తేలికగా వదిలేవారు కాదు!

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మ గర్భం రాకుండా మాత్ర, హెపటైటిస్ బి టీకా అన్నప్పుడు తలూపాను. హెచ్‌ఐవీ రాకుండా మందు అనగానే బిగుసుకుపోయాను. అది మింగితే జరిగింది నిజమని ఒప్పుకున్నట్టే అనిపించింది. పైగా హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం ముందు బెంచీ మీద తెలిసినవారు ఎవరైనా చూస్తే?

కౌన్సెలర్ గారు తొందరపెట్టలేదు, జాలీ పడలేదు. ఆ పని చేసినవాడికి హెచ్‌ఐవీ ఉందో లేదో తెలియదు కదా అన్నాను. "తెలియదు కనుకనే అమ్మా" అన్నారు. ఒక్కసారికే సోకే అవకాశం తక్కువేనని, గాయాలుంటే పెరుగుతుందని దాచకుండా చెప్పారు. రోజుకు ఒక మాత్ర, 28 రోజులు. 72 గంటలలోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. తరువాత గోడ గడియారం చూశారు. "41 గంటలయింది. ఇప్పుడు మొదలుపెట్టి తరువాత వద్దనుకుంటే మాట్లాడుకుని ఆపవచ్చు. ఇప్పుడు వద్దని ఎల్లుండి కావాలంటే నేను ఇవ్వలేను." నీళ్లు అడిగాను.

ఫార్మసిస్టు గారూ, నా సంచిలోని గ్యాస్ సిరప్ మీ కంటపడటం నా అదృష్టం. మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి తాగమని అట్ట మీద రాసిచ్చారు. డబ్బా మీది చీటీ చింపేయవచ్చా అని అడిగితే నవ్వలేదు. ఖాళీ విటమిన్ డబ్బా వెతికి తెచ్చి, తేమ పీల్చే చిన్న పొట్లంతో సహా మాత్రలన్నీ అందులోకి మార్చారు.

మొదటి వారమంతా వికారం, నిద్ర లేదు. 11వ రోజు ఇక నావల్ల కాదని ఏడ్చాను. వదిన అరటిపండు ఒలిచి చేతికిచ్చి, "ఈ రోజుది వేసుకో, రేపటి సంగతి రేపు" అన్నారు. ఆ తరువాత ప్రతి రాత్రి తొమ్మిదికి అదే మాట, అదే అరటిపండు. నాకిప్పుడు అరటిపండు చూస్తే విసుగు, వదినా, ఏమీ అనుకోకండి.

డబ్బాలో 30 మాత్రలు వచ్చాయి. మిగిలినవి తిరిగి ఇవ్వడానికి వెళితే కౌన్సెలర్ గారు అరచేతిలో పోసుకుని చూశారు. రెండు. "ఒక్క రోజూ తప్పలేదన్నమాట" అన్నారు.