బేస్ గిటార్‌కు పిక్ పరాయిది కాదు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో ఈమధ్య కళాశాల విద్యార్థుల బ్యాండ్లకు జరిగిన పోటీ గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. ఆ పోటీని ప్రేక్షకుల్లో కూర్చుని చూసినవాణ్ని కనుక, వార్తలో చోటు దొరకని ఒక విషయాన్ని మీ పాఠకుల ముందు పెట్టదలచుకున్నాను. మంద్రస్వరాలు పలికే బేస్ గిటార్ వాయించిన విద్యార్థుల్లో పిక్ (తీగను మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ల) పట్టుకున్నవారికి, వాయించే పద్ధతి సరిగా లేదంటూ మార్కులు తగ్గించారు. బేస్‌ను వేళ్లతోనే వాయించాలని, పిక్ పట్టడం లీడ్ గిటార్ వాళ్ల అలవాటని నిర్ణేతల్లో ఒకరు వేదికపైనే వివరించారు. మార్కులు తగ్గిన పిల్లలెవరూ నా శిష్యులు కారు. ఫలితాలు మార్చమని అడగడం కూడా నా ఉద్దేశం కాదు. అయితే మైకులో పెద్దలు చెప్పిన మాటను హాల్లోని పిల్లలు శాస్త్రవాక్యంగానే తీసుకుంటారు. ఆ మర్నాడు నా దగ్గర నేర్చుకునే అబ్బాయి ఒకడు "సార్, ఇక పిక్ మానేయాలా?" అని అడిగాడు. అందుకే ఈ ఉత్తరం.

బేస్ గిటార్ మరీ పాత వాయిద్యమేమీ కాదు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి తెచ్చేవరకు, మంద్రస్థాయి వాయించేవారు మనిషెత్తు డబుల్ బేస్‌ను ఊరూరా మోసుకు తిరిగేవారు. ఆ తొలి నమూనాల్లో సన్న తీగకు దిగువన చిన్న పట్టీ ఒకటి బిగించి ఉండేది. వేళ్లను దానికి ఆనించి బొటనవేలితో తీగను కిందికి మీటుతారన్నది తయారీదారు ఊహ. కాబట్టి మొదటినుంచీ ఉన్న పద్ధతే అసలు పద్ధతి అని పట్టుబడితే, ఇవాళ అందరూ మెచ్చుకునే చూపుడువేలు, మధ్యవేళ్ల వాడకం కూడా తప్పు కింద జమ అవుతుంది. నిజానికి జరిగిందేమిటంటే, డబుల్ బేస్ నుంచి వచ్చినవారు తమ వేళ్ల అలవాటుతోనే వచ్చారు, గిటార్ నుంచి వచ్చినవారు పిక్ పట్టుకునే వచ్చారు. డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ రికార్డింగులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ మొదటి కోవకు చెందినవారు. ఆయన కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు. ఆ వేలికి 'కొక్కెం' అనే అర్థం వచ్చే పేరే స్థిరపడిపోయింది. లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో గిటార్ వాయిస్తుండిన కేరొల్ కే, 1963లో ఒక రికార్డింగుకు బేస్ కళాకారుడు రాకపోవడంతో ఆ వాయిద్యాన్ని అందుకున్నారు. చేతిలోని పిక్‌ను ఆవిడ మాత్రం వదల్లేదు. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడి పాటలకు, సినిమాలకు, టీవీ కార్యక్రమాలకు పిక్‌తోనే వాయించారు. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ కూడా గిటార్ నుంచి మళ్లినవారే, పిక్ వాడినవారే. వీరికి పద్ధతి తెలియదని మార్కులు కోయగల నిర్ణేత ఎవరైనా ఉంటే ఆయన్ని ఒకసారి దర్శించుకోవాలని ఉంది.

రెండు పద్ధతులకూ తేడా లేదని నేను అనడం లేదు. తేడా ఉండబట్టే రెండూ కావాలంటున్నాను. నాలుగు తీగల బేస్‌లో లావు తీగ పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జ్. వేలికొస మెత్తగా, వెడల్పుగా ఉంటుంది కనుక తీగ దాని మీదనుంచి జారుకుంటూ విడుదలవుతుంది. పై అనుస్వరాలు (మూలస్వరంతో పాటు సన్నగా పుట్టే పైస్థాయి స్వరాలు) తక్కువగా పుట్టి, మూలస్వరం గుండ్రంగా, నిండుగా వినిపిస్తుంది. పిక్ గట్టిది, అంచు సన్నం. అది తీగను ఒకేచోట లాగి చటుక్కున వదిలేస్తుంది కాబట్టి పై అనుస్వరాలు జోరుగా పుడతాయి, స్వరం ఎక్కడ మొదలైందో చెవికి స్పష్టంగా తెలుస్తుంది. దీనికి తోడు మీటే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. బ్రిడ్జి (గిటార్ మీద తీగల చివర ఆనే కట్టు) దగ్గర మీటితే వేలితో వాయించినా నాదం పదునెక్కుతుంది, మెడ దగ్గర మీటితే పిక్ నాదమైనా కొంత మెత్తబడుతుంది. చిన్న స్పీకర్లు 41 హెర్ట్జ్‌ను వినిపించలేవు; వాటిలో మనకు చేరేవి అనుస్వరాలే, వాటినిబట్టి మూలస్వరాన్ని మన చెవి పూరించుకుంటుంది. మనలో చాలామందికి బేస్ గిటార్ అనేది ఒకటుందని తెలిసింది ఇళయరాజా పాటల వల్లనే. ఆ పాటల్ని ఇంట్లో చిన్న టేప్‌రికార్డర్ మీద విన్నప్పుడు మనం ఆనందించిన మంద్రస్వరంలో చాలా భాగం ఈ పూరణే.

వేదికల దగ్గరికి వస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వినాయక చవితి పందిళ్లలో రోడ్డుకు అడ్డంగా స్టేజీ కట్టి, రెండు వైపులా పెద్ద పెద్ద బాక్సులు పేర్చి, ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ల గోడలకు తగిలి శబ్దం వెనక్కి వచ్చేచోట, వేళ్లతో మెత్తగా వాయించిన బేస్ మొత్తం ఒకే హోరులో కలిసిపోతుంది. డ్రమ్స్ వేగంగా నడిచే మాస్ పాటకు అక్కడ పిక్ పట్టుకుంటేనే స్వరం స్వరంగా నిలుస్తుంది. అదే ఆదివారం ఉదయం గుంటూరు చర్చిలో ఆరాధన పాట నెమ్మదిగా సాగుతున్నప్పుడు, ప్రతి స్వరానికీ ముందు పిక్ చేసే చిన్న 'టిక్' శబ్దం పాడేవారి గొంతులకు అడ్డం వస్తుంది. అక్కడ వేలే మేలు. ఒకే కుర్రాడు శనివారం రాత్రి పెళ్లి కచేరీలోనూ, మర్నాడు ఉదయం చర్చిలోనూ వాయించే ఊరు మనది. వాడికి ఒక చెయ్యి కట్టేసి నేర్పడం న్యాయం కాదు.

పిక్ వాడేవారి మీద నాకూ ఫిర్యాదు ఉంది, అది కాస్త పెద్దదే. వేళ్లతో వాయించేటప్పుడు తీగను మీటిన వేలు దాని పక్కనున్న లావు తీగ మీదికి వచ్చి ఆగుతుంది. ఆ తీగ నోరు దానంతటదే మూతపడుతుంది. పిక్‌కు ఈ సౌకర్యం లేదు. సన్న తీగల మీద వాయిస్తుంటే లావు తీగలు వాటి మానాన అవి మోగుతుంటాయి. కుడి అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర ఆనించి, ఎడమచేతిలో ఖాళీగా ఉన్న వేళ్లతో తీగలను తేలిగ్గా తాకి వాటిని అణచడం ప్రత్యేకంగా సాధకం చేయాలి. ఒక తీగను దాటి మరో తీగకు దూకవలసిన వరుసల్లోనూ వేళ్లకున్న సులువు పిక్‌కు లేదు. పైగా గిటార్ మీదనుంచి నేరుగా వచ్చిన పిల్లలు అదే పలుచటి పిక్‌ను తెచ్చుకుంటారు. లావు తీగ ముందు అది వంగిపోతుంది, స్వరం వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. బేస్‌కు కనీసం 1 మిల్లీమీటరు మందం ఉన్నది తీసుకోమంటాను. మే నెలలో మన ఎండలకు చేతులు చెమర్చి పిక్ జారిపోతుంటే, పట్టుకునే భాగం మీద సూదిమొనతో అడ్డదిడ్డంగా గీతలు గీసుకుంటే పట్టు నిలుస్తుంది. నా దగ్గరున్న పిక్కులన్నిటికీ ఆ గీతలు ఉన్నాయి.

పోటీ విషయంలో నాకు బాధ కలిగింది సరిగ్గా ఇక్కడే. పిక్‌తో వాయించిన ఒక అబ్బాయికి నేను చెప్పిన లోపం నిజంగానే ఉంది: పాట ఆగినా లావు తీగ ఆగలేదు. దానికి మార్కులు తగ్గించి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ని. ఆ తర్వాత వచ్చిన అమ్మాయి కూడా పిక్కే పట్టుకుంది. అరచేతిని తీగలమీద సగం మోపి, ఒక్కో స్వరాన్ని పొట్టిగా తెంచుతూ, డ్రమ్స్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడిన ప్రతిచోటా దానితో కలిసి వాయించింది. పాటలో గాయకుడు ఊపిరి తీసుకునేచోట ఆమె కూడా ఆగింది. ఇద్దరికీ ఒకే కోత, ఒకే కారణం. వేళ్లతో వాయించిన ఇంకొకరి చూపుడువేలి దెబ్బ బలంగా, మధ్యవేలి దెబ్బ పేలవంగా పడుతూ తాళం కుంటుతుంటే ఎవరూ పట్టించుకోలేదు. వేళ్లతో మొదలుపెట్టిన కొత్తలో బొబ్బలెక్కి, కాయలు కాసేదాకా ఓర్చుకుని, రెండు వేళ్లనూ సమం చేసుకున్న పిల్లల శ్రమ నాకు తెలుసు కనుక, సమం చేసుకోకుండానే మార్కులు పొందడం వారికీ అన్యాయమనే అంటాను.

ఈ చర్చ మనకు కొత్తది కూడా కాదు. వీణ వాయించేవారిలో గోళ్లతో మీటేవారున్నారు, వేళ్లకు తీగతో చేసిన తొడుగులు పెట్టుకునేవారున్నారు. నాదం ఎందులో బాగుంటుందని వారు వాదించుకుంటారు గానీ, తొడుగు పెట్టుకున్నందుకు ఎవరినీ వైణికుల వరుసలోంచి లేపరు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించింది పిక్ పట్టుకునే. మాండలిన్ మీద గమకం పలుకుతుందా అని మొదట్లో సందేహించినవారున్నారు. ఆ సందేహానికి ఆయన కచేరీయే జవాబైంది. చేతిలో ఏముందని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

నా మటుకు నేను వేళ్ల పక్షమే. కొత్తగా చేరినవారికి ముందు వేళ్లే నేర్పిస్తాను, తీగలను అణచడం వేళ్లతోనే తేలిగ్గా పట్టుబడుతుంది కనుక. చెయ్యి కుదిరాక పిక్ ఇస్తాను. అమెరికన్ బేస్ కళాకారుడు ఆంథొనీ జాక్సన్ వేళ్లు, పిక్, అరచేతితో తీగను అణచి బొటనవేలితో మీటడం, ఈ మూడింటినీ పాటకు తగినట్టు వాడారు. పిల్లలకు నేను చూపే దారి అది. వేళ్లు ఎక్కువ ఇష్టం కావడం వేరు, పిక్‌ను తప్పనడం వేరు.

నిర్వాహకులకు నా విన్నపం చిన్నదే. వేళ్లతో మాత్రమే వాయించాలన్నది వారి నియమమైతే దాన్ని దరఖాస్తులోనే అచ్చు వేయాలి, ఇష్టమున్నవారు చేరతారు. అలాంటి నియమం లేకపోతే తాళం నిలకడ, అనవసరపు మోత లేకపోవడం, స్వరాల దెబ్బ సమంగా పడటం, పాటకు తగిన నాదం ఎంచుకోవడం చూసి మార్కులు వేయాలి. మరొకటి, నిర్ణేతల కుర్చీలను వేదిక పక్కన కాకుండా హాలు మధ్యలో సౌండ్ మిక్సర్ దగ్గర వేయించాలి. వేదిక పక్కన కూర్చున్నవారికి కళాకారులు తమ వాయింపు తాము వినడానికి పెట్టుకునే మానిటర్ స్పీకర్లే ఎక్కువగా వినిపిస్తాయి. అక్కడినుంచి బేస్ నాదాన్ని తూచడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే.

ఇట్లు,
ఒక గిటార్ ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.