కాకినాడ స్కిమ్మర్లకు కాస్త చోటివ్వండి

సంపాదకుల వారికి,

కొల్లేరు పెలికాన్లు, పులికాట్ ఫ్లెమింగోల ఫొటోలు ప్రతి శీతాకాలం మీ పత్రికలో వస్తాయి. సంతోషమే. మా కాకినాడ తీరానికి వచ్చే ఇండియన్ స్కిమ్మర్ల గురించి కూడా రాయండి.

మొన్న ఆదివారం హోప్ ఐలాండ్ వైపు పడవలో వెళ్లాం. ఆటుకి తేలిన ఇసుక మేట మీద గుంపంతా గాలికి ఎదురుగా కూర్చుంది. నల్ల టోపీ పెట్టినట్టు తల, తెల్లటి మెడ, ఎర్రటి కాళ్లు. ముక్కు నారింజ రంగు, కింది భాగం పైదానికన్నా పొడుగు. ఎగురుతూ దానితోనే నీటిని గీసుకుంటూ పోతుంది. చేప తగిలిందా, టక్కున మూసేస్తుంది! ఇలా వేటాడే పక్షి మన దేశంలో ఇంకోటి లేదు.

చంబల్, మహానది ఇసుక దిబ్బల మీద వేసవిలో గుడ్లు పెట్టే ఈ పక్షులు ప్రపంచవ్యాప్తంగా అంతరించే ముప్పులో ఉన్నాయి. సైబీరియా నుంచి వచ్చే గ్రేట్ నాట్ అనే తీరపక్షిది కూడా అదే పరిస్థితి.

మేం చూస్తుండగానే ఒక పడవ ఫొటోల కోసం మేట అంచుదాకా దూసుకొచ్చింది. గుంపు మొత్తం లేచిపోయింది. నాకు చాలా బాధేసింది. పోటు వస్తే వాటికి మళ్లీ వాలే చోటే ఉండదు కదా.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ మేటలకు దూరంగా పడవలు ఆగేలా అటవీ శాఖ జెండాలు పాతించాలి. పడవ నడిపేవాళ్లకు ఈ పక్షిని చూపించి చెబితే వాళ్లే కాపాడతారు, నాకు ఆ నమ్మకం ఉంది.

– ఒక రిటైర్డ్ టీచర్, జగన్నాథపురం, కాకినాడ