‘ఇతరాలు’ గడిలో డిజిటల్ చిత్రం

సంపాదకులకు నమస్కారం.

లలితకళా గ్యాలరీల్లో డిజిటల్ చిత్రాలకు చోటివ్వవచ్చా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా ‘అంతా కంప్యూటరే గీసిపెడుతుంది కదా’ అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. ఒక ముఖం మీద పడే నీడ కోసం టాబ్లెట్‌పై ఒకదాని మీద ఒకటిగా ఇరవై పొరలు (లేయర్లు) వేసి, పద్దెనిమిది చెరిపేసుకున్న రోజులు నాకున్నాయి కాబట్టి ఆ మాటను పెద్దగా పట్టించుకోను. గ్యాలరీ వారు అడిగే ‘ఇందులో ఒరిజినల్ ఏది?’ అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పి తీరాలి.

ఒక గ్యాలరీ వారు నా చిత్రం బాగుందంటూనే, ‘ఒరిజినల్స్ మాత్రమే’ అన్న నిబంధన చూపి తిప్పి పంపారు. ఆ వారం వారి గోడల మీద ఉన్నవి ఎచింగ్‌లు, అంటే లోహపు రేకుపై గీసి సిరాతో కాగితంపై అచ్చు తీసిన చిత్రాలు. ఒక రాగి రేకు నుంచి పాతిక ప్రతులు తీసి, ఒక్కొక్కదాని కింద పెన్సిల్‌తో 1/25, 2/25 అని అంకె వేసి సంతకం చేసి, ఆ తర్వాత మరో ప్రతి తీయకుండా రేకుపై అడ్డగీత కొట్టే పద్ధతి ఎచింగ్‌లో ఎప్పటినుంచో ఉంది. ఆ పాతికలో ప్రతి ఒక్కటీ ఒరిజినలే. డిజిటల్ ఫైలు నుంచి లెక్కపెట్టి తీసే ప్రింట్లకూ ఇదే వర్తించాలి. ఫొటోకు కూడా కళగా చోటు ఆలస్యంగానే దక్కింది. 1839లో లోకానికి తెలిసిన ఫొటోగ్రఫీకి న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం ప్రత్యేక విభాగం పెట్టింది 1940లో.

కంప్యూటర్ చిత్రాలు గ్యాలరీ గడప తొక్కి అరవై ఏళ్లయింది. 1965లో స్టుట్‌గార్ట్‌లోనూ న్యూయార్క్‌లోనూ ప్రదర్శనలు జరిగాయి. ప్రసిద్ధ బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఐప్యాడ్‌పై గీసిన చిత్రాలను 2012లో లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీ కాగితంపై ముద్రించి వేలాడదీసింది. పేరున్నవారికి అడ్డురాని నిబంధన కొత్తవారికే ఎందుకు అడ్డొస్తుందో నాకు బోధపడదు. (2021లో ఒక్క డిజిటల్ ఫైలు వేలంలో 6.9 కోట్ల డాలర్లు పలికినప్పుడు లేచిన హోరు మాకు చేసిన మేలు కంటే చేటే ఎక్కువ.)

తప్పంతా గ్యాలరీలదే అనను. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. తొలిసారి ప్రింట్ తీయించినప్పుడు, తెర మీద నిగనిగలాడిన నెమలికంఠం రంగు కాగితంపై మసిబారిన నీలమై నా చేతికొచ్చింది. కొన్ని వెలుగులను ఏ సిరా అందుకోలేదని అప్పుడు తెలిసింది. 24×36 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 7,200×10,800 పిక్సెళ్లు కావాలి. చిన్న ఫైలును సాగదీసి, అంచులు అలుక్కుపోయిన ప్రింటుకు ఫ్రేము కట్టి తెచ్చేవారు మాలో తక్కువేమీ కాదు. ఫైలును భద్రపరచడంలోనూ అదే అశ్రద్ధ. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమిగా కంప్యూటర్‌పై వేసిన బొమ్మలు పాతకాలపు ఫ్లాపీ డిస్కుల్లో చిక్కుకుపోయి 2014లో గానీ వెలుగు చూడలేదు.

గ్యాలరీల దరఖాస్తుల్లో ‘మాధ్యమం’ కింద తైలవర్ణం, జలవర్ణం తర్వాత మాకు మిగిలేది ‘ఇతరాలు’ అన్న గడి. అక్కడ ‘డిజిటల్’ అని రాసి, పక్కన ప్రతుల సంఖ్య, కాగితం, సిరా, ఏఐ వాడకం తెలిపేందుకు నాలుగు గడులు చేర్చవలసిందిగా నిర్వాహకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయ,
ఒక డిజిటల్ చిత్రకారిణి