వాసన వచ్చేదాకా ఆగాలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది నరసాపురం దగ్గర పల్లె. వీధి చివర ఐస్ ఫ్యాక్టరీ ఉంది. రొయ్యల సీజన్లో రాత్రీ పగలూ ఆడుతుంది. పోయిన వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోతకి అందరం వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నాం. ఉన్నట్టుండి ముక్కు బద్దలయ్యేంత ఘాటు, కళ్ళు భగభగ మంట. మా అమ్మ పమిట చెంగు బిందెలో ముంచి మనవరాలి ముక్కుకి అడ్డంపెట్టి, గాలివాటు తప్పించి అందర్నీ కాలవగట్టు మీదకి తీసుకుపోయింది. అమ్మోనియా లీకని తెల్లారాక తెలిసింది. ఫ్యాక్టరీలో గ్యాస్ అలారం ఉందట. బ్యాటరీ ఎప్పుడో పాడైంది, కరెంటుతో పాటు అలారమూ ఆగిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గ్యాస్ ఈ డెల్టాకి ఏం చేయగలదో మనం చూశాం. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు.

మామూలు సెన్సార్లలో చాలావాటికి లోపల హీటర్ ఉంటుంది. టిన్ ఆక్సైడ్ పూతను 200 నుంచి 400 డిగ్రీల వేడిలో ఉంచితేనే అది గ్యాస్‌ను పసిగడుతుంది. అందుకే కరెంటు ఆగకూడదు. పాలీఅనిలిన్‌లో, అంటే కరెంటు పారే ఒక రకం ప్లాస్టిక్‌లో, లోహ ఆక్సైడ్ల నానో రేణువులు (కంటికి కనిపించనంత సన్నని పొడి) కలిపిన పూతకి ఆ వేడి అక్కర్లేదు, అమ్మోనియా తగిలితే చాలు, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును కొలవడానికి కావలసిన కాస్త కరెంటూ రాపిడి నుంచే పుట్టించవచ్చు. రాపిడి నుంచి కరెంటు తీయవచ్చని 2012లో అమెరికాలోని జార్జియా టెక్‌లో ఝాంగ్ లిన్ వాంగ్ బృందం చూపించింది. తలకి రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది కదా, అదే సూత్రం. ఆ రాపిడిని ఫ్యాక్టరీ కంప్రెషర్ అదురు నుంచి తీసుకుందామంటే, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది కాబట్టి, గాలికి ఊగే పొరలూ, కరెంటు దాచుకునే చిన్న కెపాసిటరూ ఉండాలి.

చిక్కల్లా తేమతోనే. చెమ్మగాలిలో రాపిడి కరెంటు నీరసిస్తుంది, పాలీఅనిలిన్ తేమకీ స్పందించి తప్పు చెప్పవచ్చు. అందుకే ఎక్కడో ఏసీ గదిలో పనిచేసిందంటే మాకు చాలదు. అంతర్వేది, ఓడలరేవు ఉప్పుగాలిలో ఒక వానాకాలం నిలబెట్టి చూడాలి. గ్యాస్ పైపుల్లో ఉండే మీథేన్ వాయువును ఇలా పట్టడం ఇంకా కష్టం, కాబట్టి అమ్మోనియాతో మొదలుపెట్టండి. ఫ్యాక్టరీల శాఖ ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలతో కలిసి ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో ఈ పరీక్ష చేయించి, ఫలితాలు ఊళ్ళో అందరికీ చెప్పాలి. ఈలోగా ఉన్న అలారాల బ్యాటరీలు నెలనెలా చూడాలి, సైరన్ మోత వీధి దాకా వినిపించాలి.

మొదటి సెన్సార్ మా వీధి ఐస్ ఫ్యాక్టరీ గోడకి పెడతామంటే, రోజూ పొద్దున్నా సాయంత్రం రీడింగు రాసిపెట్టడానికి నేను సిద్ధం.

– ఒక పాఠకుడు, నరసాపురం